ల్యాబ్ ప్లేటులో చచ్చే బ్యాక్టీరియా పుండులో ఎందుకు బతుకుతోంది?

నానో రేణువులు, అంటే కంటికి అస్సలు కనపడనంత సన్నని రేణువులు, మొండి బ్యాక్టీరియాను చంపేశాయన్న వార్త నెలకొకటైనా కనిపిస్తూనే ఉంటుంది. ఒకసారి వెండి, ఇంకోసారి రాగి, మరోసారి జింక్ ఆక్సైడ్. ఆ లింకు నాకు వాట్సాప్‌లో పంపి "ఇది నిజమేనా?" అని అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు, ఎందుకంటే నేను పనిచేసేది ఒక ఆసుపత్రి మైక్రోబయాలజీ ల్యాబ్‌లో. ఇన్నాళ్లూ రెండు ముక్కల్లో జవాబిచ్చి ఊరుకుంటున్నాను గానీ ఇది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నానో రేణువుల్లో సత్తా ఉంది, కొన్నిచోట్ల అది రోగుల మీద రుజువైంది కూడా. కానీ మనం, ముఖ్యంగా మన కాలేజీలూ మన మార్కెట్టూ, ఆ సత్తా లేని చోట దాన్ని వెతుకుతున్నాం. యాంటీబయాటిక్ స్థానంలో బ్యాక్టీరియాను చంపే ఇంకో విషం దొరికిందన్నట్టు చూసినంత కాలం పేపర్లు అచ్చవుతూనే ఉంటాయి, పుండ్లు మాత్రం మానవు.

ముందు బయోఫిల్మ్ అంటే ఏమిటో చెప్పాలి. కడగని నీళ్ల ట్యాంకు గోడకు పట్టే పాకుడు, పొద్దున లేవగానే పళ్ల మీద నాలుకకు తగిలే పాచి, ఇవి రెండూ బయోఫిల్మ్‌లే. 1680ల్లో డచ్చి బట్టల వ్యాపారి లీవెన్‌హుక్ తను స్వయంగా చేసుకున్న భూతద్దం కింద పళ్ల పాచి పెట్టి చూసి, అందులో కదిలే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. అంటే మనిషి మొట్టమొదట చూసిన బ్యాక్టీరియాలో కొన్ని బయోఫిల్మ్‌లోవే. ఆ తర్వాత మూడు వందల ఏళ్లు మనం వాటిని గుంపు నుంచి విడదీసి, గాజు గొట్టాల్లో ఒంటరిగా ఈదించి చదువుకున్నాం. నిజానికి బ్యాక్టీరియా ఏదో ఒకదానికి అంటుకుని, చక్కెర గొలుసులూ ప్రొటీన్లూ చచ్చిన తోటి కణాల నుంచి జారిన డీఎన్‌ఏ కలిపి చుట్టూ ఒక బంక తయారుచేసుకుని, అందులో గుంపుగా కాపురం ఉండటమే ఎక్కువ. కెనడా శాస్త్రవేత్త బిల్ కోస్టర్టన్ 1970ల నుంచీ ఈ మాట చెబుతూ వచ్చాడు. 1999లో ఆయన తన సహచరులతో కలిసి 'సైన్స్' పత్రికలో, తగ్గినట్టే తగ్గి మళ్లీ తిరగబెట్టే ఇన్ఫెక్షన్ల వెనక ఉన్నది బయోఫిల్మ్‌లేనని రాశాక గానీ వైద్యులు గట్టిగా పట్టించుకోలేదు.

మూత్రం గొట్టం లోపలి గోడ, వెంటిలేటర్ గొట్టం, మార్చిన మోకీలు, మార్చిన గుండె వాల్వు, షుగర్ ఉన్నవాళ్ల అరికాలి పుండు, వీటన్నిటి మీదా పెరిగేది ఇదే. పలు అధ్యయనాలను కలిపి 2017లో లెక్క చూస్తే, మానని పుండ్లలో సుమారు 78 శాతంలో బయోఫిల్మ్ కనిపించింది. యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019 ఒక్క ఏడాదిలో ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన అంచనా. ఆ మరణాల్లో బయోఫిల్మ్ వాటా ఎంతని విడదీసి చెప్పలేం గానీ, ఐసీయూలో మేం రోజూ చూసే క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్, సూడోమోనాస్ మూడూ గొట్టాలకు అంటుకుని పెరగడంలో ఆరితేరినవే.

ఇక్కడ మా ల్యాబ్ రిపోర్టు గురించి ఒక మాట. "కల్చర్ రిపోర్టులో ఈ మందు పక్కన ఎస్ అని, అంటే బ్యాక్టీరియా దీనికి లొంగుతుందని ఉంది కదా, మరి రెండు వారాలు ఎక్కించినా చీము ఎందుకు ఆగలేదు?" అని రోగి కొడుకో కూతురో వచ్చి అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఆ ఎస్ అనేది నీటిలో విడివిడిగా తేలే బ్యాక్టీరియా మీద చేసిన పరీక్ష ఫలితం. అదే బ్యాక్టీరియా బయోఫిల్మ్‌లో చేరితే పది నుంచి వెయ్యి రెట్లు ఎక్కువ మోతాదుకు గానీ చావకపోవచ్చు. అంత మోతాదు మనిషి నరంలోకి ఎక్కిస్తే ముందు కిడ్నీలు పోతాయి. జన్యువు మారి మందుకు లొంగకపోవడం ఒకటి, జన్యువు మారకుండానే గుంపులో దాక్కుని బతికిపోవడం ఇంకొకటి. మన పత్రికలు ఈ రెండింటినీ కలిపేసి "మొండి బ్యాక్టీరియా" అని రాసేస్తాయి. రెండూ ఒకే పుండులో ఉండటం కూడా మామూలే, అప్పుడే అసలు కష్టం.

నానో వార్తల్లో ఎక్కువగా కనిపించే బొమ్మ ఏమిటంటే, బయోఫిల్మ్ ఒక కోటగోడ, యాంటీబయాటిక్ ఆ గోడ దాటలేదు, చిన్న నానో రేణువు దూరిపోతుంది. వినడానికి బాగుంటుంది గానీ సగమే నిజం. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి చిన్న మందులు చాలా బయోఫిల్మ్‌లలోకి బాగానే దూరతాయని 1990ల చివరి నుంచే ప్రయోగాలు చూపించాయి. మందు అడుగుదాకా చేరుతుంది, అయినా అడుగున ఉన్నవి చావవు. కారణం, అక్కడ ఆక్సిజన్ అందదు, తిండి అందదు, కణాలు ఎదగడం ఆపేసి పడి ఉంటాయి. పెన్సిలిన్ జాతి మందులు ఎదిగే కణాన్నే దెబ్బ తీస్తాయి, ఎదగని దాన్ని ఏం చేస్తాయి? 1944లోనే జోసెఫ్ బిగ్గర్ అనే ఐరిష్ డాక్టరు, పెన్సిలిన్ పోసినా కొద్దిపాటి స్టెఫైలోకాకస్ కణాలు నిద్రలో ఉన్నట్టు మిగిలిపోతున్నాయని గమనించి రాశాడు. అలాంటి మందును నానో రేణువులో పెట్టి లోపలికి పంపినంత మాత్రాన పెద్దగా ఒరిగేది లేదు. అది అంతకుముందే లోపలికి వెళ్తోంది కదా!

కానీ అమికాసిన్, టోబ్రామైసిన్, జెంటామైసిన్ సంగతి వేరు. ఇవి ధనావేశం ఉన్న మందులు, బంకలోని డీఎన్‌ఏకూ కొన్ని చక్కెర గొలుసులకూ రుణావేశం ఉంటుంది. అందుకని ఈ మందులు పై పొరల్లోనే అతుక్కుపోతాయి. ఇలాంటి మందును కొవ్వు పొరతో చేసిన సన్నని బుడగలో, అంటే లైపోజోమ్‌లో మూసిపెట్టి పంపితే దాని ఆవేశం బయటికి కనిపించదు, బంకకు దొరక్కుండా లోపలికి వెళ్తుంది. నాకు నమ్మకం కలిగించిన మందు ఈ ఆలోచనతో చేసిందే. ఆవిరిలా పీల్చే లైపోజోమ్ అమికాసిన్‌కు 2018 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. మైకోబాక్టీరియం ఏవియం అనే, టీబీకి దూరపు చుట్టమైన బ్యాక్టీరియా ఊపిరితిత్తుల్లో పాతుకుపోయి మామూలు మందులకు లొంగనివాళ్ల కోసం. ఆ మందు కలిపి ఇచ్చినవాళ్లలో 29 శాతం మందికి ఆరు నెలల్లో కఫంలో బ్యాక్టీరియా కనిపించకుండా పోయింది. పాత మందులే కొనసాగించినవాళ్లలో అది 8.9 శాతం. మూడు రెట్లు! అలాగని పదిమందిలో ఏడుగురికి పనిచేయలేదన్న సంగతి మరవకూడదు, గొంతు బొంగురుపోవడం, ఆయాసం లాంటి ఇబ్బందులు కూడా ఎక్కువే. కానీ ఇవి మనుషుల మీద, పక్కన పోల్చే గుంపును పెట్టి తీసిన లెక్కలు. ఇక్కడ నానో బుడగ దేన్నీ చంపలేదు. చంపింది దశాబ్దాల నాటి అమికాసిన్. బుడగ దాన్ని చేరాల్సిన చోటికి చేర్చింది, అంతే. నా వాదన మొత్తం దాదాపు ఈ ఒక్క ఉదాహరణలో ఉంది.

మన దగ్గర ఇంకా బాగా తెలిసిన ఉదాహరణ ఉంది, అయితే అది బ్యాక్టీరియా గురించి కాదు. 2021 మే నెల గుర్తుందా? కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్లకు బ్లాక్ ఫంగస్ వచ్చి, హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయి, లైపోజోమల్ యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం రెండు రాష్ట్రాల్లో జనం ఫోన్ల మీద ఫోన్లు చేసుకున్న రోజులు. ఆ ఇంజెక్షన్ వంద నానోమీటర్ల కంటే చిన్న కొవ్వు బుడగల్లో పెట్టిన పాత మందు. మామూలు యాంఫోటెరిసిన్ కిడ్నీలను దెబ్బ తీస్తుంది, బుడగలో పెట్టినది ఆ దెబ్బను బాగా తగ్గిస్తుంది. అంతకుముందే బిహార్‌లోని ముజఫర్‌పూర్‌లో డాక్టర్ శ్యామ్ సుందర్ బృందం ఇదే మందును కాలా అజార్ (ఇసుక ఈగ కుట్టడం వల్ల సోకే పరాన్నజీవి జ్వరం) రోగులకు ఒక్క డోసు ఇచ్చి, ఆరు నెలల తర్వాత 95.7 శాతం మందికి నయమైందని 2010లో ప్రచురించింది. పాత పద్ధతిలో అయితే రోజు విడిచి రోజు 15 సార్లు ఎక్కించాలి.

ఇది ఎందుకు అంత బాగా పనిచేసిందో అర్థం చేసుకుంటే, మోకీలి మీది బయోఫిల్మ్‌కు నానో ఎందుకు అంత తేలిగ్గా పనిచేయదో కూడా అర్థమవుతుంది. రక్తంలోకి ఏ నానో రేణువును వదిలినా నిమిషాల్లో దాని చుట్టూ రక్తంలోని ప్రొటీన్లు పేరుకుంటాయి, కాలేయంలో ప్లీహంలో ఉండే మాక్రోఫేజ్ కణాలు దాన్ని మింగేస్తాయి. కాలా అజార్ పరాన్నజీవి ఉండేది సరిగ్గా ఆ కణాల్లోనే. మందు తనంతట తానే శత్రువు ఇంటికి వెళ్లింది. మోకీలిలో పెట్టిన లోహం మీద, రక్తప్రసారం అంతంత మాత్రంగా ఉన్న చోట పెరిగే స్టెఫైలోకాకస్ దగ్గరికి అలా వెళ్లదు. క్యాన్సర్ పరిశోధనలో టొరంటోకు చెందిన వారెన్ చాన్ బృందం పదేళ్ల ప్రచురణలను పరిశీలించి 2016లో చెప్పిన మాట ఇది: జంతువుల రక్తంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. ఇన్ఫెక్షన్ మీద పనిచేసేవాళ్లు ఈ సంఖ్యను గోడకు రాసి పెట్టుకోవాలని నా ఉద్దేశం.

సరే, వెండి దగ్గరికి వద్దాం. వెండికి చరిత్ర ఉంది, అది కాదనలేం. 1880ల్లో జర్మనీ డాక్టరు క్రెడే పుట్టిన పిల్లల కళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేయించి ఎన్నో కళ్లు కాపాడాడు. 1960ల చివర్లో సిల్వర్ సల్ఫాడయజీన్ వచ్చింది, ఇప్పటికీ కాలిన గాయానికి మన దగ్గర ముందు రాసేది ఆ తెల్ల క్రీమే. 1990ల చివర్లో నానో స్ఫటికాల వెండి పట్టీలు మార్కెట్లోకి వచ్చాయి. వెండి అయాన్లు బ్యాక్టీరియాలో ఒక్కచోట కాదు, చాలా చోట్ల దెబ్బ కొడతాయి, కాబట్టి గొట్టాలకూ వాల్వులకూ వెండి పూత పూస్తే బయోఫిల్మ్ పట్టదని అనుకోవడం సహజం.

పెద్ద ఎత్తున రోగుల మీద చూస్తే ఏమైంది? 2012లో బ్రిటన్‌లో ఏడు వేల మందికి పైగా రోగుల మీద మూత్రం గొట్టాలను పోల్చి చూశారు. మామూలు గొట్టం పెట్టినవాళ్లలో ఆరు వారాల్లోపు లక్షణాలతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది 12.6 శాతానికి. వెండి పూత గొట్టం పెట్టినవాళ్లలో 12.5 శాతానికి. వెంటిలేటర్ గొట్టంతో కొంత మేలు కనిపించింది, 2008 నాటి ప్రయోగంలో న్యుమోనియా 7.5 శాతం నుంచి 4.8 శాతానికి తగ్గింది గానీ మరణాల్లో తేడా రాలేదు. గుండె వాల్వు కథ అన్నిటికంటే బాధాకరం. ఇన్ఫెక్షన్ రాకూడదని వాల్వు చుట్టూ కుట్లు వేసే గుడ్డకు వెండి పూత పూసి, సిల్‌జోన్ అనే పేరుతో 1990ల చివర్లో అమర్చారు. వాల్వు అంచు నుంచి రక్తం లీకవడం ఎక్కువైందని ప్రయోగంలో తేలి 2000 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఇవన్నీ నానో రేణువులు కావు, వెండి పూతలు, ఆ తేడా నాకు తెలుసు. కానీ ప్లేటులో బ్యాక్టీరియాను చంపడానికీ మనిషి ఒంట్లో మేలు చేయడానికీ మధ్య ఎంత దూరం ఉందో వీటికంటే బాగా చెప్పేవి లేవు.

ఆ దూరం మన కాలేజీల్లో ఎవరికీ పట్టడం లేదు. ప్రాజెక్టు వైవాలకు నన్ను పిలుస్తుంటారు. వేపాకు రసం, తులసి రసం, తంగేడు పువ్వు రసం, మారేడాకు రసం, ఏదో ఒకటి తీసి సిల్వర్ నైట్రేట్‌లో కలుపుతారు. లేత పసుపు ద్రావణం గోధుమ రంగుకు తిరుగుతుంది. యూవీ మిషన్‌లో 420 నానోమీటర్ల దగ్గర శిఖరం వస్తుంది, వెండి రేణువులు తయారయ్యాయనడానికి అది గుర్తు. తర్వాత ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో తీసిన ఎస్‌ఈఎం ఫొటో, ఎక్స్-రేలతో తీసిన ఎక్స్‌ఆర్‌డీ గీత, అగర్ ప్లేటు (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ పోసిన పళ్లెం) మీద బ్యాక్టీరియా పెరగని గుండ్రటి జాగా, దాన్నే జోన్ అంటాం. థీసిస్ అయిపోతుంది. ఆకు మారుతుంది, పేరు మారుతుంది, మిగతాదంతా అదే. ఆ పిల్లలు కష్టపడరని కాదు, ఎండలో తిరిగి ఆకులు కోసుకొచ్చి, కరెంటు పోతే ఇంక్యుబేటర్ దగ్గర కూర్చుని చేస్తారు. వాళ్లకు అడగాల్సిన ప్రశ్న ఎవరూ ఇవ్వడం లేదు.

ఈ మధ్య ఒకమ్మాయి ఉత్సాహంగా ప్లేటు ఫొటో చూపించి "జోన్ చాలా పెద్దది వచ్చింది మేడమ్" అంది.

"బాగుందమ్మా. అంతే వెండి ఉన్న సిల్వర్ నైట్రేట్ పక్కన పెట్టి చూశావా?"

"లేదు మేడమ్. గైడ్ గారు యాంపిసిలిన్‌తో పోల్చమన్నారు."

"సూడోమోనాస్ మీద యాంపిసిలినా? అది మొదట్నించీ దానికి లొంగదు కదా."

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తప్పు తనది కాదు. సూడోమోనాస్‌కు పుట్టుకతోనే లొంగని మందును పక్కన పెట్టి "మా నానో అంతకంటే మేలు" అని రాసిన పేపర్లు నేను చాలానే చూశాను. ఇంకో సంగతి, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌కు డిస్క్ పరీక్ష (మందు అద్దిన కాగితపు బిళ్లను అగర్ మీద పెట్టి జోన్ కొలవడం) చేయకూడదని ఆసుపత్రి ల్యాబుల్లో అందరికీ తెలుసు, ఆ అణువు పెద్దది, అగర్‌లో సరిగా పాకదు, ఆ జోన్‌ను నమ్మి మందు ఇస్తే రోగి నష్టపోతాడు. కొలిస్టిన్ అణువు కంటే నానో రేణువు ఎన్నో రెట్లు పెద్దది. అది అగర్‌లో ఎలా పాకుతుంది? ప్లేటు మీద కనిపించే జోన్ చాలావరకు రేణువు నుంచి కరిగిన వెండి అయాన్లదే. అలాంటప్పుడు అంతే వెండి ఉన్న మామూలు సిల్వర్ నైట్రేట్‌తో పోల్చకపోతే నానో వల్ల కొత్తగా ఒరిగిందేమిటో ఎలా తెలుస్తుంది?

పైగా ప్లేటు మీద ఉప్పు తక్కువ, ప్రొటీన్ తక్కువ. పుండు నుంచి కారే రసిలో రెండూ దండిగా ఉంటాయి. ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో క్లోరైడ్ పరీక్షకు సిల్వర్ నైట్రేట్ పోస్తే తెల్లగా పెరుగులా విరిగేది గుర్తుంటుంది కదా, వెండికి క్లోరైడ్ దొరికితే పుండులోనూ అదే పని చేస్తుంది. మిగిలినదాన్ని గంధకం ఉన్న ప్రొటీన్లు పట్టుకుంటాయి. ఇక ప్లేటు మీద పెంచే బయోఫిల్మ్‌కు ఒక రోజు వయసు, ఒకే జాతి, ప్లాస్టిక్ అడుగు. మనిషి పుండులో నెలల తరబడి పాతుకుపోయిన నాలుగైదు జాతులు కలిసి ఉంటాయి. డెన్మార్క్‌కు చెందిన థామస్ బ్యార్న్‌షోల్ట్ బృందం రోగుల నుంచి తీసిన కణజాలాన్ని చూసి, అక్కడివి ప్లాస్టిక్ మీద పెరిగే పొరలా కాక, మన తెల్లరక్తకణాలు చుట్టుముట్టిన చిన్న చిన్న ముద్దలుగా ఉన్నాయని చూపించింది. ప్లేటులో గెలిచిన రేణువుకు ఈ స్థలంతో పరిచయమే లేదు.

"నానోకు బ్యాక్టీరియా ఎప్పటికీ అలవాటు పడదు" అన్న మాట కూడా చాలా పేపర్ల మొదటి పేరాలో ఉంటుంది. ఇది నిజం కాదు. 1970ల్లో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో వెండికి లొంగని సాల్మొనెల్లా బయటపడింది. ఆ గుణాన్ని ఇచ్చే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ చుట్ట మీద ఉన్నాయి, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి చేతులు మారగలవు. 2018లో చెక్ దేశపు ఓలోమౌత్స్ శాస్త్రవేత్తలు ఇంకా విచిత్రమైనది చూశారు. నానో వెండిని కొద్దికొద్దిగా, తరం తర్వాత తరం రుచి చూపిస్తే ఈ.కోలై, సూడోమోనాస్ తమ తోక ప్రొటీన్ ఫ్లాజెలిన్‌ను ఎక్కువగా వదిలి, ఆ రేణువులన్నిటినీ ఒకచోట ముద్ద కట్టించేశాయి. ముద్ద అయ్యాక అది నానో కాదు, పని చేయదు. దీనికి జన్యువు కూడా మారనక్కర్లేదు. ఫ్లాజెలిన్ తయారీని అడ్డుకుంటే రేణువులు మళ్లీ పనిచేశాయట, అడ్డుకోవడానికి వాళ్లు వాడింది దానిమ్మ తొక్క రసం. ఆకుల రసాలతో పనిచేసే మన పిల్లలకు ఇలాంటి ప్రశ్న ఇస్తే ఎంత బాగా చేస్తారో!

ఇది తెలిసీ వెండిని సాక్సుల్లో, వాషింగ్ మిషన్లలో, ఫ్రిజ్ గోడల్లో, కోవిడ్ కాలంలో మాస్కుల్లో పెట్టి అమ్మారు, ఇంకా అమ్ముతున్నారు. ఆ సాక్సులు ఉతికితే వెండి నీళ్లలోకి దిగుతుందని అరిజోనా శాస్త్రవేత్తలు 2008లోనే కొలిచి చూపించారు. కొద్దికొద్దిగా, రోజూ, కాలువలోకి. బ్యాక్టీరియాను చంపని మోతాదులో మందు నీళ్లలో కలిస్తే ఏమవుతుందో తెలుగువాళ్లకు వేరే ఎవరో వచ్చి చెప్పాలా? పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం 2007లో ప్రచురించింది. రోజుకు సుమారు 45 కిలోల సిప్రో, స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడేంత. 2020లో కేంద్రం మందుల ఫ్యాక్టరీల మురుగులో యాంటీబయాటిక్స్‌కు హద్దులు పెడుతూ ముసాయిదా తెచ్చింది, 2021లో వచ్చిన తుది నియమాల్లో ఆ హద్దులు లేవు. యాంటీబయాటిక్స్‌తో చేసినదాన్నే వెండితోనూ చేయబోతున్నాం, అదీ చెమట వాసన రాకుండా ఉండటం కోసం. కాలిన గాయాల వార్డుకు అవసరమైన మందును సాక్సుల్లో పోగొట్టుకోవడం నాకు అసలు మింగుడుపడదు.

ఇంతా చెప్పాక, మరి నానో ఎక్కడ పనికొస్తుందంటావు అని అడగొచ్చు. నా ఆశంతా షుగర్ పుండు మీదే. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లకు పైనేనని 2023లో ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. వాళ్లలో కొందరికి కాళ్లలో స్పర్శ పోతుంది, చెప్పులో రాయి గుచ్చుకున్నా తెలీదు, చిన్న పొక్కు పుండవుతుంది, పుండు ఎముకదాకా వెళ్తుంది, తర్వాత వేలు, తర్వాత పాదం. మా పెద్దనాన్నగారికి బొటనవేలి కింద ఇలాగే పుండు పడితే, మందుల షాపులో ఇచ్చిన నానో వెండి జెల్ వారాల తరబడి రాశారు. ఖరీదైనదే. పుండు మీద పసుపు పచ్చని పొర అలాగే ఉంది, దాని మీదే జెల్, దాని మీదే కట్టు. చివరికి ఒక సర్జన్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన జెల్ సంగతి ఎత్తనేలేదు, కుళ్లిన కండంతా రక్తం కనబడేదాకా గీకి తీసేశారు, వారానికోసారి రమ్మన్నారు, పాదం కింద బరువు పడకుండా పిండికట్టు లాంటిది వేశారు. "పెదనాన్నగారూ, మీరు నడవకుండా ఉంటే నేను మాన్పిస్తాను, నడిస్తే దేవుడు కూడా మాన్పలేడు" అన్నారు. మానింది. వేలు నిలిచింది. ఆ పిండికట్టు పద్ధతిని కుష్ఠు రోగుల కాళ్లకు వాడి మేలు చూసినవాళ్లలో సర్జన్ పాల్ బ్రాండ్ ఒకరు, మన పక్కనే వెల్లూరులో. 1960ల్లో అమెరికా వెళ్లాక అక్కడి షుగర్ పుండ్లకూ దాన్ని చేర్చారు.

అలాగైతే నానో ఎందుకు? ఎందుకంటే ఎంత బాగా గీకినా బయోఫిల్మ్ పూర్తిగా పోదు. మిగిలిన కణాలు మళ్లీ గుంపు కట్టి, మళ్లీ బంక చుట్టుకుని, మందుకు లొంగని దశకు రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ మూడు రోజులూ బ్యాక్టీరియా లేతగా, విడివిడిగా, ఎదిగే దశలో ఉంటుంది. మందుకు దొరికే సమయం అదే. అప్పుడు పుండు మీదే, రక్తంలోకి ఎక్కించే గొడవ లేకుండా, కాలేయం మింగేసే భయం లేకుండా, కొద్దికొద్దిగా మందు వదిలే నానో పట్టీ వేస్తే దాని సత్తా మొత్తం వాడుకున్నట్టు. పసుపు పొర మీద నెలల తరబడి రాస్తే ఒక్క పైసా సత్తా కూడా వాడుకోనట్టు. జెల్ అదే కావచ్చు, పనిచేసే రోజులు వేరు.

పళ్ల మీద కూడా నాకు ఆశ ఉంది. పెన్సిల్వేనియాలో హ్యున్ కూ బృందం, రక్తహీనతకు 2009 నుంచి వాడుతున్న ఫెరుమాక్సిటాల్ అనే ఐరన్ నానో మందును తీసుకుని, కొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిపి పాచి మీద వేస్తే, పన్ను పుచ్చే చోట ఉండే ఆమ్లంలో అది చురుగ్గా మారి బంకను విడగొట్టిందని 2018లో చూపించింది. చెయ్యి అందే చోటు, అప్పటికే మనుషులకు ఇస్తున్న పదార్థం, రోగం ఉన్న చోటే మేల్కొనే రసాయనం. ఎంచుకోవడం అంటే అలా ఉండాలి.

మన దగ్గర నానో మందులను పరీక్షించడానికి నియమాలు లేకపోలేదు, 2019లో కేంద్రం మార్గదర్శకాలు విడుదల చేసింది. లేనిది ప్రయోగం. ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. ఒక బోధనాసుపత్రి సర్జరీ విభాగం, పక్కనే ఉన్న యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం కలిస్తే చాలు. షుగర్ పుండు రోగులందరికీ ఒకేలా గీకి శుభ్రం చేయాలి, అందరికీ కాలి మీద బరువు పడకుండా చూడాలి. సగం మందికి మొదటి మూడు రోజులు నానో పట్టీ, మిగతా సగానికి మామూలు పట్టీ, ఎవరికి ఏది అన్నది చీటీ తీసి తేల్చాలి. పన్నెండు వారాల తర్వాత పుండు మానినవాళ్లెందరు, వేలు తీయాల్సి వచ్చినవాళ్లెందరు, పట్టీకి రోగి ఇంటినుంచి ఎంత ఖర్చయింది, ఈ మూడు రాయాలి. జోన్ కొలత అందులో ఉండక్కర్లేదు. ఫలితం తేడా లేదని వచ్చినా అచ్చు వేయాలి, ఎందుకంటే అప్పుడు ఆ జెల్‌కు పెట్టే డబ్బు మంచి చెప్పులకు పెట్టమని రోగికి ధైర్యంగా చెప్పగలం.

ఆ వైవా అమ్మాయి ఇప్పుడు పీహెచ్‌డీలో చేరింది. తన రేణువులను పుండు రసిలో, పాత బయోఫిల్మ్ మీద, పక్కన సిల్వర్ నైట్రేట్ పెట్టి పరీక్షించాలనుకుంటోంది, రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియా కావాలని మా ల్యాబ్‌ను అడిగింది. ఎథిక్స్ కమిటీ కాగితాలు సిద్ధం చేసుకుంటున్నాం.